ఆంగ్ల భాషాభాగములు - మన బోధనా విధానము

ఇంగ్లీషు పదములు ఎనిమిది తెగలని మన పాఠశాలలలో పసిబిడ్డలచేత వల్లె వేయించుచున్నారు. నౌను, ప్రొనౌను, యాడ్జెక్టివు, వెర్బు, ఆడ్వెర్బు, ప్రిపొజిషను, కంజంక్షను, ఇంటర్జెక్షను అను పేర్లును, వాని లక్షణములును బిడ్డలకు కంఠస్థములే. అయినను పదియేండ్లు చదివిన పిమ్మటను నాలుగు వాక్యములు తప్పులేక వ్రాయజాలని విద్యార్థులు పెక్కుమంది కలరు. పొలము పుట్ర యమ్మియైనను ఫీజులు చెల్లించు తలిదండ్రులు బిడ్డల తెలివిని శంకించుచున్నారు. లోపము బిడ్డలది కాదు, బోధనది యని మా యభిప్రాయము.

ఈ యెనిమిది యను సంఖ్య ఇంగ్లీషున పుట్టినది కాదు. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దివాడగు డయొనీసియస్ థ్రాక్సు పేర వెలసిన గ్రీకు వ్యాకరణమున పదములు ఎనిమిది తెగలుగ చెప్పబడినవి. లాటిను పండితులు ఆ పద్ధతినే గ్రహించిరి. గ్రీకునందున్న ఆర్టికలు లాటినున లేదు. అయినను వారు ఆశ్చర్యాదులను దెలుపు పదములను వేరొక తెగగా నెంచి లెక్క సరిపుచ్చిరి. ఇంగ్లీషు వైయాకరణులు లాటిను జాడనే నడచిరి. 1795లో లిండ్లే మరే ఆర్టికలును చేర్చి తొమ్మిది తెగలు చెప్పెను. మన యాస్కుడు నిరుక్తమున నామము, ఆఖ్యాతము, ఉపసర్గము, నిపాతము అని నాలుగింటినే చెప్పెను. కావున సంఖ్య ప్రధానము గాదు. వాక్యమున పదము చేయు పని ప్రధానము.

వస్తువు పేరు నౌను, పనిని దెలుపునది వెర్బు అని మాత్రమే చెప్పినచో బిడ్డ మోసపోవును. పరుగు పనియే గదా. అయినను ఆ పదము నామమే. ఇంగ్లీషున నీ చిక్కు మరింత యధికము. వాటర్ అనగా నీరు. 'వాటర్ ది ఫీల్డ్' అన్నచో ఆ పదమే, రూపమేమియు మారకయే, క్రియ యగుచున్నది. మనమట్లు గాక, 'పొలమునకు నీరు పెట్టుము' అని క్రియను వేరుగ చేర్చుదుము. 'రౌండ్ టేబుల్' అన్నచో రౌండ్ విశేషణము. 'రౌండ్ ది హౌస్' అన్నచో ఇంటి చుట్టును అని యర్థమిచ్చు ప్రిపొజిషను. చోటునుబట్టి యే తెగ నిర్ణయము.

ఇచ్చటనే తెలుగు మనకు తోడ్పడును. 'పులి ఆవును చంపెను', 'ఆవును పులి చంపెను' - రెంటికిని అర్థమొకటే. 'ను' అను ప్రత్యయము కర్మను పట్టి చూపుచున్నది. ఇంగ్లీషున పులిని, ఆవును తారుమారు చేసినచో ఆవే పులిని చంపినట్లగును. మన 'ఇంటిలో' అను మాటయందు 'లో' వెనుక నున్నది. వారి 'ఇన్' ముందున్నది. వారి 'ఎ', 'ది' లకు సరియైన పదములు తెలుగున లేవు గనుకనే మన బిడ్డలు వానిని విడిచి వ్రాయుదురు. ఈ భేదములను ఉపాధ్యాయుడు తెలుగున విప్పి చెప్పినచో, నెలల తరబడి వల్లె వేయించినను కుదరనిది కొలది దినములలో కుదురును.

ఆంగ్లేయులు మన భాషను నేర్చినదెట్లు? 1816లో కాంబెలును, 1840లో బ్రౌనును తెలుగు వ్యాకరణములను ఇంగ్లీషుననే రచించిరి. తమ భాషను ఆధారముగ జేసికొని పరభాషను నేర్చుట వారికి చిన్నతనముగ దోచలేదు. మనకు మాత్రము ఏల దోచవలెను?

కావున ముందు నామవాచకము, సర్వనామము, విశేషణము, క్రియ, అవ్యయము అను తెలుగు భాషాభాగములను బిడ్డకు తెలుగు వాక్యములలో చక్కగ నెరిగింపవలెను. పిదప ఇంగ్లీషునకు మరలవలెను. ఇంగ్లీషు వలదని మేమనుట లేదు. గట్టి పునాదిపై కట్టుడని కోరుచున్నాము. తలిదండ్రులును, బిడ్డ యెనిమిది పేర్లు అప్పగించినంతనే తృప్తినొందక, ఒక్క వాక్యమిచ్చి 'ఈ పదమిచ్చట చేయు పనియేమి?' యని యడుగవలెను. అది చెప్పగల బిడ్డకు ఏ భాషయైనను లోబడును.