సిగ్నల్ అందని చెల్కకు డ్రోన్ టపా

* నల్గొండ, పాలమూరు చెల్కల్లో బోరు మోటరును సెల్‌ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్లు కొత్తేమీ కాదు. వాటిలో సిమ్ ఉంటుంది, పక్కనే కరెంటు ఉంటుంది. చేనంతా పాతే తేమ సెన్సర్లకు ఆ వసతి లేదు. చిన్న బ్యాటరీ, చిన్న రేడియోతోనే నెట్టుకురావాలి.

* ఆ రేడియోకు గుట్టలే కాదు, ఆకులూ అడ్డే. ఆకుల్లోని నీరు తరంగాల శక్తిని పీల్చేస్తుంది. పత్తి విత్తిన రోజున బాగా అందిన సిగ్నల్, చేను గుబురుగా ఎదిగాక సన్నగిల్లవచ్చు. బత్తాయి తోటకైతే ఏడాదంతా ఆకులే.

* అందుకే పైనుంచి వినాలి. గాల్లో ఉన్న డ్రోన్‌కూ నేల మీది సెన్సర్‌కూ మధ్య చెట్టూ గట్టూ పెద్దగా అడ్డురావు. అడ్డు లేకపోతే లోరా రకం రేడియో కొద్ది శక్తితోనే కిలోమీటర్ల దూరం మాట్లాడుతుంది.

* మామూలు చిన్న డ్రోన్ బ్యాటరీ అరగంటకు మించి రావడం కష్టం. అయినా నష్టం లేదు. నేల తడి నిమిషాల్లో మారిపోదు. సెన్సర్ లెక్కలు దాచుకుని, డ్రోన్ వచ్చినప్పుడు అప్పజెప్పి మళ్లీ నిద్రపోతే చాలు.

* ఈ ఉపాయం ముందు జంతువులతో నడిచింది. 2004లో కెన్యాలో జీబ్రాల మెడలకు పట్టీలు కట్టారు. రెండు జీబ్రాలు దగ్గరైతే పట్టీలు సమాచారం పంచుకునేవి. పరిశోధకులు బండిలో వెళ్లి సేకరించుకునేవారు.

* మైక్రోసాఫ్ట్ 'ఫార్మ్‌బీట్స్' పరిశోధకులు 2017లో ప్రకటించిన పద్ధతిలో, డ్రోన్ గాలివాటాన్ని వాడుకుని బ్యాటరీ ఆదా చేస్తుంది. పొలం నుంచి రైతు ఇంటికి సమాచారం చేర్చేవి, టీవీ ప్రసారాలు వాడుకోని ఖాళీ తరంగాలు.

* తెలంగాణకూ డ్రోన్లు కొత్త కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థకు వ్యవసాయ పరిశోధనలో డ్రోన్లు వాడేందుకు 2020 నవంబరులో కేంద్రం అనుమతిచ్చింది. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లతో ఔషధాలు పంపే ప్రయోగం మొదలైంది.

* 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌గా గుర్తించిన గగనతలంలో 400 అడుగుల ఎత్తు వరకు ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. పొలం పనికి ఆ ఎత్తు ధారాళం.

* 2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారే. ఇక్కడ ఒక్కో రైతుకు ఒక్కో డ్రోన్ గిట్టదు. దేశంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే 'నమో డ్రోన్ దీదీ' పథకం ప్రధానంగా పిచికారీ కోసం వచ్చింది. మందు కొట్టే ఆ డ్రోన్‌కే ఒక రిసీవర్ బిగిస్తే, ఊరి సెన్సర్ల లెక్కలూ అదే తిరుగుడులో వచ్చేస్తాయి.