ఇల్లు మారితే ఇన్సూరెన్స్ దానంతటదే మన వెంట రాదు

పాత ఇల్లు అమ్మి కొత్త ఫ్లాట్‌కి మారేటప్పుడు గ్యాస్ కనెక్షన్, ఆధార్ అడ్రస్, పిల్లల టీసీలు, కరెంటు మీటర్... అన్నీ గుర్తుంటాయి. ఇంటి ఇన్సూరెన్స్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అసలు తమకు అలాంటి పాలసీ ఒకటి ఉందని తెలియని కుటుంబాలే ఎక్కువ. హోమ్ లోన్ తీసుకున్న రోజు బ్యాంకులో వరుసగా పెట్టిన సంతకాల్లో అదీ ఒకటి. ప్రీమియం చాలాసార్లు లోన్‌లోనే కలిపేస్తారు కాబట్టి జేబులోంచి డబ్బు పోయినట్టు కూడా తెలియదు.

ముందుగా ఆ పాలసీ ఏమిటో చూసుకోవాలి. లోన్‌తో పాటు బ్యాంకులు సాధారణంగా రెండు రకాలవి అంటగడతాయి. ఒకటి, లోన్ తీసుకున్న మనిషి చనిపోతే బాకీ తీర్చే లైఫ్ పాలసీ. రెండోది, అగ్ని ప్రమాదం, వరద లాంటివి వస్తే ఇంటికి జరిగిన నష్టం ఇచ్చేది. "మాకు ఇన్సూరెన్స్ ఉందండీ" అని ధీమాగా ఉన్నవాళ్ల దగ్గర తీరా చూస్తే మొదటిది మాత్రమే ఉంటుంది. ఇంట్లోకి నీళ్లొస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

ఇక అసలు చిక్కు. సెకండ్ హ్యాండ్ కారు కొంటే దాని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొన్నవాళ్లకు వస్తుంది. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ అలా రాసింది, 14 రోజుల్లో పేరు మార్పుకు అప్లై చేయాలంతే. ఇంటికి కూడా ఇదే రూల్ అనుకుంటారు చాలామంది. కాదు. ఇంటి పాలసీ అంటే ఆ ఇంటి మీద హక్కు ఉన్న మనిషికి, ఆ ఇంటి వరకే కంపెనీ ఇచ్చిన మాట. ఇల్లు అమ్మేశాక అమ్మినవాళ్లకు అందులో పోయేది ఏమీ లేదు కాబట్టి క్లెయిమ్ రాదు. కొన్నవాళ్ల పేరు పాలసీలో లేదు కాబట్టి వాళ్లకూ రాదు. "పాత ఓనర్ మూడేళ్లకు కట్టేశారు, మీకూ పనికొస్తుంది" అని బ్రోకర్ చెబితే నమ్మాల్సిన పనిలేదు.

మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. అగ్రిమెంట్ రాసుకుని, అడ్వాన్స్ తీసుకుని, రిజిస్ట్రేషన్‌కు ముందే తాళాలు ఇచ్చేయడం మామూలు. ఆ నెలా రెండు నెలల్లో షార్ట్ సర్క్యూట్ అయితే ఎవరి నష్టం? అందుకే అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్ రోజు దాకా పాలసీని ఆపకూడదు. ఇంట్లో ఇప్పుడు ఎవరు ఉంటున్నారో కంపెనీకి మెయిల్‌లోనో లెటర్‌లోనో చెప్పి, రసీదు దాచుకోవాలి. కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ తేదీ నుంచే తమ పేరుతో కొత్త పాలసీ మొదలయ్యేలా చూసుకోవాలి. ముందు కొత్తది, తర్వాతే పాతది క్యాన్సిల్. ఈ వరుస తప్పితే మధ్యలో కొన్ని రోజులు ఏ కవరూ ఉండదు.

కొత్త పాలసీ అంటే ఎక్కడ వెతకాలి? 2021 ఏప్రిల్ 1 నుంచి ఐఆర్‌డీఏఐ ఆదేశం మీద జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు "భారత్ గృహ రక్ష" అనే ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. అగ్ని ప్రమాదం, వరద, తుఫాను, భూకంపంతో పాటు అల్లర్లలో జరిగిన నష్టం కూడా ఇందులోనే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. మన కుటుంబాలు ఈ చివరి మాటను ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఎంతకు చేయించాలన్న దగ్గర ఎక్కువమంది తికమకపడతారు. ఫ్లాట్ 70 లక్షలకు కొన్నారని 70 లక్షలకు చేయించరు. ఇల్లు కాలిపోయినా స్థలం ఎక్కడికీ పోదు. లెక్క మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు మీదే. కార్పెట్ ఏరియా 1,000 చదరపు అడుగులు, కట్టుబడి అడుగుకి 2,500 రూపాయలు అనుకుంటే 25 లక్షలు. బిల్డింగ్‌కు పాలసీ తీసుకుంటే అందులో 20 శాతం, అంటే ఇక్కడ 5 లక్షలు, సామాన్లకు దానంతటదే వస్తుంది. దీనికి గరిష్ఠ పరిమితి 10 లక్షలు. పాత ఇంటి లెక్కనే కొత్త పాలసీలో దించేస్తే ఎక్కువో తక్కువో అవుతుంది, ఏరియా కొలిపించుకోవడమే మంచిది.

బంగారం ఆ 20 శాతంలో రాదు. విలువైన వస్తువుల కవర్ విడిగా అడగాలి. నగదుకు అసలే లేదు. దొంగతనం విషయంలోనూ జాగ్రత్త: వరద లాంటి ప్రమాదం జరిగాక, దాని కారణంగా 7 రోజుల్లోపు జరిగిన దొంగతనం వరకే ఈ పాలసీ చూస్తుంది. మామూలుగా తాళం పగలగొట్టి ఎత్తుకెళ్తే బర్గ్లరీ కవర్ వేరుగా ఉండాలి. షిఫ్టింగ్ లారీలో ఫ్రిజ్ పగిలినా ఇంటి పాలసీని నమ్ముకోలేం. దానికి ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉందా అని ప్యాకర్స్‌ను బుకింగ్ రోజే అడగాలి, కాగితం మీద తీసుకోవాలి.

అద్దె ఇళ్లవాళ్లు ఇదంతా ఓనర్ల గొడవ అనుకోవద్దు. 2020 అక్టోబర్‌లో ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీలో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో నీళ్లొచ్చినప్పుడు వాషింగ్ మెషీన్లు, కుట్టు మిషన్లు, పెళ్లి కోసం కొని పెట్టుకున్న సామాను పోగొట్టుకున్నవాళ్లలో అద్దెకున్నవాళ్లూ ఉన్నారు. సామాన్లకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. ఇల్లు మారినప్పుడు కంపెనీకి చెప్పి కొత్త అడ్రస్‌తో ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. లేదంటే పాలసీ పాత అడ్రస్‌కే అంటుకుని ఉంటుంది.

ఇల్లు మారకుండానే మనిషి మారే సందర్భాలు కూడా ఉన్నాయి. అబ్బా చనిపోతే ఆయన పేరు మీదున్న భారత్ గృహ రక్ష పాలసీ గడువు ముగిసేదాకా వారసులకు కొనసాగుతుంది. రెన్యువల్ మాత్రం ఆయన పేరుతోనే కట్టుకుంటూ పోకూడదు. హిబా సంగతి ఇంకా సున్నితం. నోటిమాటతో ఇచ్చి, స్వాధీనం అప్పగించిన హిబా ముస్లిం పర్సనల్ లా ప్రకారం చెల్లుతుంది. కానీ క్లెయిమ్ రోజు సర్వేయర్ అడిగేది కాగితం. హిబా జరిగినట్టు రాతపూర్వకంగా ఒక పత్రం, ఇంటి పన్నులో పేరు మార్పు, ఆ తర్వాత పాలసీలో పేరు మార్పు వెంటనే చేయించుకుంటే అన్నదమ్ముల మధ్య కూడా మాట రాదు.

ఇన్సూరెన్స్ జాయిజా కాదా అన్నది వేరే ప్రశ్న. ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి, తమ ముఫ్తీ సాబ్‌ను అడిగి నిర్ణయించుకోవాలి. అయితే బ్యాంకు లోన్‌తో పాటు ఇప్పటికే పాలసీ ఉన్నవాళ్లు, వద్దనుకున్నా సరే, దాన్ని అలా గాలికి వదిలేయకుండా పద్ధతిగా క్యాన్సిల్ చేయించుకోవాలి.

ఎందుకంటే డబ్బు వెనక్కి వస్తుంది. ఐఆర్‌డీఏఐ 2024 జూన్ సర్క్యులర్ ప్రకారం పాలసీని ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే క్యాన్సిల్ చేసుకోవచ్చు. ఏడాది లోపు పాలసీలో క్లెయిమ్ చేసి ఉండకపోతే మిగిలిన రోజుల ప్రీమియం ఇవ్వాలి. ఎక్కువ ఏళ్ల పాలసీ అయితే ఇంకా మొదలవని ఏళ్ల డబ్బు ఇవ్వాలి. పదేళ్ల పాలసీ తీసుకుని నాలుగో ఏడాది ఇల్లు అమ్మేసిన కుటుంబానికి ఇది చిన్న మొత్తమేమీ కాదు. లోన్ క్లోజ్ చేసి నో డ్యూ సర్టిఫికెట్ తీసుకునే రోజే పాలసీ కాపీ కూడా బ్యాంకును అడగాలి. కంపెనీ పట్టించుకోకపోతే 155255 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు, బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు లేకపోతే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, వకీల్ అవసరం లేదు.