ఇంట్లోనే గేమ్ సర్వర్.. తలుపు తెరిచే ముందు తెలుసుకోండి

ఒకే వీధిలో ఆడుకున్న మిత్రులు చదువుల కోసం తలో నగరానికి చేరినా కలిసి ఆడుకోవచ్చు. వారిలో ఒకరి ఇంటి కంప్యూటరే సర్వరుగా మారి మిగిలినవారిని కలపగలదు. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సర్వర్ సాఫ్ట్‌వేరును తయారీ సంస్థ మోజాంగ్ ఉచితంగానే అందిస్తోంది. అయితే సర్వరును నడిపినంత మాత్రాన బయటివారు అందులో చేరలేరు. మధ్యలో రూటర్ అడ్డుగా ఉంటుంది. అందులోంచి దారి ఇచ్చే ఏర్పాటే పోర్ట్ ఫార్వర్డింగ్.

వాచ్‌మన్ లాంటిది రూటర్

పాత విధానమైన ఐపీవీ4లో ఉన్న చిరునామాలు దాదాపు 429 కోట్లే. ప్రతి పరికరానికీ ఒకటి ఇవ్వడానికి అవి చాలవు. అందుకే ఇంటి మొత్తానికి ఒక పబ్లిక్ ఐపీ ఉంటుంది. లోపలి పరికరాలకు 192.168తో మొదలయ్యేలాంటి సొంత నంబర్లను రూటర్ కేటాయిస్తుంది. అపార్టుమెంటుకు ఒకే డోర్ నంబరు ఉండి, లోపల ఫ్లాట్లకు వేర్వేరు నంబర్లు ఉన్నట్లే ఇదీ. ఎవరి కోసం వచ్చారో తెలియని అపరిచితుడిని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. 'ఫలానా పని మీద వచ్చినవారిని ఫలానా ఫ్లాటుకు పంపు' అని ముందే చెబితే పంపిస్తాడు. ఆ 'పని'ని గుర్తించే సంఖ్యే పోర్ట్.

అమర్చుకోవడం ఇలా..

• విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్' ఆదేశమిస్తే కంప్యూటర్ ఐపీ, 'డిఫాల్ట్ గేట్‌వే' కనిపిస్తాయి. గేట్‌వే అంకెలను బ్రౌజరులో టైపు చేస్తే రూటర్ పేజీ తెరుచుకుంటుంది.

• కంప్యూటర్ ఐపీ మారిపోతే దారి తప్పుతుంది. 'అడ్రస్ రిజర్వేషన్' ద్వారా దాన్ని స్థిరపరచాలి.

• 'పోర్ట్ ఫార్వర్డింగ్' లేదా 'వర్చువల్ సర్వర్' విభాగంలో కంప్యూటర్ ఐపీ, పోర్ట్ 25565, ప్రొటోకాల్ టీసీపీ నమోదు చేసి సేవ్ చేయాలి. ఇవి మైన్‌క్రాఫ్ట్ జావా వివరాలు. వేరే ఆటలకు వేరే పోర్టులుంటాయి.

• విండోస్ ఫైర్‌వాల్‌లోనూ సర్వరుకు అనుమతి ఇవ్వాలి.

• మిత్రులకు ఇవ్వాల్సింది పబ్లిక్ ఐపీ మాత్రమే. ఇంటి వైఫైలో ఉండి పరీక్షిస్తే కొన్ని రూటర్లలో ఫలితం సరిగా రాదు. మొబైల్ డేటాతో చూడాలి.

అన్నీ చేసినా పనిచేయకుంటే..

రూటర్ పేజీలోని 'వాన్ ఐపీ'ని, 'నా ఐపీ ఏది' అని చూపే వెబ్‌సైటులోని అంకెలతో పోల్చాలి. రెండూ వేరైతే, ముఖ్యంగా వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, సర్వీసు సంస్థ ఒకే పబ్లిక్ ఐపీని అనేక ఇళ్లకు పంచుతున్నట్లు లెక్క. దీన్నే సీజీనాట్ అంటారు. అంటే కాలనీ మొత్తానికి మరో పెద్ద గేటు ఉంది. దాని తాళం సర్వీసు సంస్థ చేతిలో ఉంటుంది. ఇంటి రూటరులో ఎన్ని మార్పులు చేసినా ప్రయోజనం ఉండదు. సంస్థను అడిగి పబ్లిక్ ఐపీ తీసుకోవడం, ఐపీవీ6 వాడటం, లేదా టెయిల్‌స్కేల్, జీరోటియర్ వంటి ప్రైవేటు నెట్‌వర్కుతో మిత్రులను కలపడం ప్రత్యామ్నాయాలు.

వచ్చేది మిత్రులే కాదు

తెరిచిన పోర్టును వెతికేందుకు ఇంటర్నెట్‌లో నిరంతరం స్కానింగ్ జరుగుతూనే ఉంటుంది. 2021 డిసెంబరులో వెలుగుచూసిన లాగ్4జే లోపంతో మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్లకూ ముప్పు ఏర్పడింది. చాట్‌లో ఒక్క సందేశం పంపి సర్వర్ కంప్యూటరును వశపరచుకునే వీలు కలిగింది. 1.18.1 వెర్షనుతో ఆ లోపాన్ని సరిచేశారు. అంతకుముందు 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, తయారీదారులిచ్చిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో లోబరచుకుంది.

అందుకే రూటర్ పాస్‌వర్డు మార్చాలి. సర్వరును ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. 'వైట్‌లిస్ట్'లో పేరున్నవారినే రానివ్వాలి. ఒక్క పోర్టుతో సరిపోయే పనికి, కంప్యూటరును పూర్తిగా బయటపెట్టే 'డీఎంజెడ్' జోలికి వెళ్లకూడదు. ఇంట్లోవారి బ్యాంకు లావాదేవీలు, ఫొటోలు ఉన్న కంప్యూటరులో కాకుండా వేరే పాత కంప్యూటరులో సర్వర్ నడపడం మేలు. సెలవులు ముగిశాక ఆ నిబంధనను రూటర్ నుంచి తొలగించాలి. అతిథులు వెళ్లాక తలుపు గడియ వేయడం ఎంత అవసరమో, ఇదీ అంతే.