కొనబోవు ఇంటికి పరీక్ష

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒకరు కట్టిన ఇంటిని కొనువాని పాట్లు ఆ సామెతకు ఎక్కలేదు. కాసు బంగారమును సైతము గీటురాయిపై గీయించి గాని కొనని మనము, జీవితకాలపు సంపాదన ధారవోసి కొను ఇంటిని మాత్రము ఒక సాయంకాలము నాలుగు గదులు తిరిగి చూచి బయానా ఇచ్చుచున్నాము.

దస్తావేజుల విషయమున చాలమంది జాగరూకులే. ప్లీడరుకు చూపుదురు, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తెప్పింతురు. అది రిజిస్టరైన తనఖాలను, అమ్మకములను తెలుపును గాని గోడలోని చెమ్మను తెలుపదు. బాంకువారి వాల్యూయరు వచ్చి చూచెను గదా అందురు కొందరు. తామిచ్చు అప్పునకు ఆ ఇల్లు హామీగా చాలునా అనుటయే బాంకువారికి ముఖ్యము. ఇక మధ్యవర్తికి బేరము కుదిరిననే కమీషను!

కావున వీరెవరితోను సంబంధము లేని సివిల్ ఇంజనీరును, బయానా ఇవ్వకముందే, మన సొమ్ముతో మనమే పిలుచుకొనవలెనని మేము చెప్పుదుము. నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. పునాది అందుకు తగినట్లు లేనిచో గోడలు వాలుగా బీటలు వారును. కొత్తగా వేసిన సున్నము ఆ బీటలను కొంతకాలము దాచగలదు. వ్యవధి ఉన్నచో ఇంజనీరు బీటకు అడ్డముగా చిన్న గాజుపలకను అతికించి కొన్ని వారములు ఉంచును. పలక పగిలినచో బీట ఇంకను కదలుచున్నదన్నమాట. స్లాబును సుత్తితో మెల్లగా తట్టినపుడు డొల్ల శబ్దము వచ్చినచోట లోపలి ఇనుము తుప్పుపట్టి కాంక్రీటు విడివడి యుండవచ్చును. ఉరుపులు చూచుటకు వానకాలమును మించిన అదను లేదు. స్థలమును సర్వేయరుచే కొలిపించి దస్తావేజులోని గజములతో సరిచూచుటయు అవసరమే.

చట్టము లేదా అందురేమో. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను ప్రకారము, అమ్మువాడు తనకు తెలిసిన ముఖ్యలోపమును కొనువానికి చెప్పవలసినదే. అయితే కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనిపెట్టగల లోపమునకు ఈ నియమము వర్తింపదు. 2016 నాటి రేరా చట్టము క్రింద, ఇల్లు స్వాధీనము చేసిన 5 సంవత్సరములలోపల నిర్మాణలోపమును తెలిపినచో, నిర్మాణదారు 30 రోజులలో ఉచితముగా సరిచేయవలెను. ఏనాడో కట్టిన పాత ఇంటికి ఆ రక్షణ యెక్కడిది?

ఇంజనీరు నోటిమాటతో సరిపెట్టుకొనక, లోపములను, మరమ్మతు ఖర్చు అంచనాను వ్రాతమూలముగా తీసుకొనవలెను. ధర తగ్గింపుమని అడుగునపుడు ఆ కాగితమును యజమాని ముందుంచవచ్చును.