గ్రామములలో నగదు సాయము: సర్కారు పింఛను, జకాత్

మన నగరం వంటి కోనసీమ పల్లెలలో పేదవాని చేతికి నగదు రెండు త్రోవల అందుచున్నది. ఒకటి సర్కారు పింఛను. రెండవది జకాత్, సదఖా మొదలగు దానములు. ఏది మేలని నిర్ణయించుటకు సొమ్మెంత అని మాత్రమే చూచిన చాలదు. అది చేతికి వచ్చు విధమును చూడవలెనని మా అభిప్రాయము.

1995లో కేంద్రము వృద్ధాప్య పింఛను ప్రారంభించినప్పుడు నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రములో అది 2014 అక్టోబరులో 1000, 2024 జూలైలో 4000 అయినది. 2020 ఫిబ్రవరి నుండి వాలంటీర్లు సొమ్ము ఇంటికే తెచ్చి, వేలిముద్ర తీసికొని ఇచ్చిరి. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘము వారిని ఆ పనినుండి తప్పించగా, ఏప్రిల్‌లో సచివాలయములకు, మేలో బ్యాంకులకు ముసలివారు ఎండలో తిరుగవలసి వచ్చినది. పింఛనులో ఒక్క రూపాయి తగ్గలేదు; మారినది త్రోవ మాత్రమే. జూలై 1న సచివాలయ సిబ్బంది మరల ఇండ్లకు వెళ్ళి ఇచ్చిరి.

జకాత్‌కు దరఖాస్తు లేదు, వేలిముద్ర లేదు. పీచు పనిలో వ్రేలిగీతలు అరిగిపోయిన ముసలమ్మను యంత్రము గుర్తించకపోవచ్చును గాని పొరుగువారు గుర్తింతురు. అయితే ఈ సొమ్ములో చాల భాగము రమజాన్‌లోనే వచ్చును. గల్ఫునుండి పంపువారు సహజముగా తమ బంధువులకు, తమ వీధివారికి పంపుదురు. నోరు విప్పి అడుగలేని వితంతువు మిగిలిపోవును. “నాకేల ఇయ్యలేదు?” అని దాతను నిలదీయుట ఎవరి తరము? సర్కారును అడుగవచ్చును. 2014 జూన్ 27న మన నగరంలో గెయిల్ గొట్టపుమార్గము పేలినప్పుడు మృతుల కుటుంబములకు ఆ సంస్థ 20 లక్షలు, రాష్ట్రము 3 లక్షలు, కేంద్రము 2 లక్షలు బహిరంగముగా ప్రకటించినవి. ప్రకటించిన మొత్తమును అడిగి పుచ్చుకొనుటకు ఎవరి మొగమాటము అక్కరలేదు.

ఖుర్ఆన్ 9వ సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గములలో దానిని వసూలు చేయు ఉద్యోగులు కూడ ఉన్నారు. అనగా పంపిణీకి మనుషులు, లెక్కలు, జీతములు కావలెనని ఆనాడే గుర్తించిరి. వాలంటీర్లకును నెలకు 5000 గౌరవ వేతనము ఇచ్చిరి గదా! ఖర్చే లేదని చెప్పుకొను ధర్మసంస్థను మేము కొంచెము అనుమానముతోనే చూతుము.

ఇక లెక్క. నెలకు 4000 చొప్పున ఒక్కరికి ఏడాదికి 48,000. జకాత్ 40వ వంతు గనుక, ఆ మాత్రమునకు 19 లక్షల 20 వేల నిలువపై జకాత్ కావలెను. ఊరిలోని వృద్ధులందరి భారమును దానముపై వేయుట అసాధ్యము. కనుక జకాత్ సొమ్మును పింఛను అందుకొనువారికే మరల పంచుట కంటె, 60 నిండక పని చేయలేనివారికి, జాబితాలో పేరు తప్పినవారికి, దరఖాస్తు తేలనివారికి ముందుగా ఇయ్యవలెను. అదియును ఒక్క పండుగనాడు గాక పండ్రెండు నెలలకు విభజించి ఇయ్యవలెను. అట్టివారి పట్టికను వీధివారీగా తయారు చేయుట మన విద్యార్థులకు రెండు ఆదివారముల పని. వ్రాయరాని వారి దరఖాస్తులు వ్రాసిపెట్టుటయు ఆ పనిలోనే చేరును.