క్వార్టర్‌బ్యాక్ లేకపోతే టీమ్ ఏమైపోతుంది?

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. గ్రౌండ్‌లో ఒక్కో టీమ్‌కి 11 మంది ఉంటారు కదా, మరి అందరూ క్వార్టర్‌బ్యాక్ చుట్టూనే ఎందుకు తిరుగుతారు?

ముందు రూల్ చూద్దాం. బంతి ఉన్న టీమ్‌కి 4 ఛాన్సులు. ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకెళ్లాలి. దాదాపు ప్రతి ఛాన్సులోనూ బంతి మొదట వచ్చేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. పక్కనున్న రన్నర్‌కి ఇవ్వాలా, దూరంగా ఉన్నవాడికి విసరాలా, తనే పరిగెత్తాలా? మహా అయితే మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోపు అవతలివాళ్లు తనని పడగొట్టడానికి మీదకి దూకుతుంటారు.

ఎన్ఎఫ్ఎల్‌లో తన హెల్మెట్‌లో చిన్న రేడియో కూడా ఉంటుంది. కోచ్ అందులోనే ఏ ప్లే ఆడాలో చెప్తాడు. కానీ ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగలగానే అది కట్ అయిపోతుంది. ఆ తర్వాత ఎదుటి టీమ్ ఎలా నిలబడిందో చూసి, అవసరమైతే ప్లేనే మార్చి, అరిచి అందరికీ చెప్పాల్సింది తనే. క్రికెట్ భాషలో చెప్పాలంటే, ఫీల్డింగ్ సెట్ చేసి ప్రతి బాల్ కూడా తనే వేసే కెప్టెన్ అన్నమాట!

ఇప్పుడు అసలు కథ. 2023 జనవరి 29, ఫిలడెల్ఫియా. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ వరసగా 12 మ్యాచ్‌లు గెలిచి వచ్చారు. ఇది గెలిస్తే సూపర్ బౌల్. ఆ సీజన్‌లో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ వాళ్లదే. కానీ ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు అప్పటికే గాయాలతో బయట ఉన్నారు. ఆడుతున్న బ్రాక్ పర్డీ మూడోవాడు. ఆట మొదట్లోనే అతని మోచేతికి దెబ్బ తగిలింది. బదులు వచ్చిన జోష్ జాన్సన్ తలకి దెబ్బ తగిలి వెళ్లిపోయాడు. ఇక వేరే దిక్కులేక పర్డీ మళ్లీ దిగాడు, కానీ బంతిని దూరం విసరలేకపోయాడు.

ఇంకెవరైనా విసరొచ్చు కదా అంటారేమో. రూల్ ప్రకారం విసరొచ్చు. కానీ పరిగెత్తేవాడి చిట్టడుగు ముందు బంతి పెట్టడం ఏళ్ల ప్రాక్టీస్. పైగా పాస్ రాదని తెలిసిపోతే ఈగల్స్ టీమ్ మొత్తం రన్నర్ మీదే పడుతుంది. అదే జరిగింది. 31-7తో ఓటమి.

ఆ ఏడాదే లీగ్ రూల్ మార్చింది. ఇద్దరికీ గాయాలైతే దిగడానికి మూడో క్వార్టర్‌బ్యాక్‌ని అదనంగా రెడీగా పెట్టుకోవచ్చు. వేరే ఏ పొజిషన్‌కీ ఇలాంటి సదుపాయం లేదు. 2024లో డాలస్ కౌబాయ్స్ డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి సగటున 6 కోట్ల డాలర్లు ఎందుకు ఒప్పుకుందో ఇప్పుడు అర్థమైందిగా?

ఈసారి మ్యాచ్ చూస్తే, బంతి కదలకముందు ఆ కొన్ని సెకన్లు క్వార్టర్‌బ్యాక్‌నే గమనించండి. చేతులు ఊపుతూ, అరుస్తూ కనిపిస్తాడు. సగం ఆట అక్కడే నడుస్తుంటుంది.