అమెరికాలో ఆరోగ్యశాస్త్రాల తొలి ఏడాది: ఏ కోర్సు ముందు, ఏది తరువాత?

భారతదేశంలో బైపీసీ చదివి, నీట్‌లో ర్యాంకు తెచ్చుకుని ఎంబీబీఎస్‌లో చేరిన విద్యార్థి మొదటి ఏడాది ఏం చదవాలో ఆలోచించుకోనక్కరలేదు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ అందరికీ ఒక్కటే. అమెరికాలో వైద్యవిద్య సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ ముగిశాకగాని మొదలుకాదు, ఆ డిగ్రీలో ఏ సెమిస్టరులో ఏ కోర్సు తీసుకోవాలో విద్యార్థే చాలావరకు నిర్ణయించుకోవాలి. అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు తమ చదువుల లెక్కతో పిల్లల చదువును అంచనా వేయబోయి తికమకపడేది ఈ తేడా వల్లనే.

ఈ పద్ధతికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1893లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల డిగ్రీ ఉన్నవారినే చేర్చుకోవాలని నియమం పెట్టగా, అమెరికా, కెనడాలలోని 155 వైద్య కళాశాలలను పరిశీలించి 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ వెలువరించిన నివేదిక, వైద్యంలో అడుగుపెట్టే ముందే రసాయన, భౌతిక, జీవశాస్త్రాల పునాది ఉండి తీరాలని వాదించింది. నేటి ‘ప్రీ-మెడ్’ కోర్సుల జాబితాకు మూలం అదే. ప్రీ-మెడ్ అనేది సాధారణంగా డిగ్రీ పేరు కాదు, వైద్య కళాశాలలు కోరే కోర్సులను పూర్తిచేసే మార్గం మాత్రమే. ఆరోగ్యశాస్త్రాలు అన్నది మాత్రం చాలా విశ్వవిద్యాలయాలలో విడిగా ఒక ప్రధాన విషయం, అది చదివినవారు ఫిజికల్ థెరపీ, ప్రజారోగ్యం, ఆసుపత్రి నిర్వహణ వంటి వైపులకూ వెళతారు.

టైంటేబులుకు కొలమానం క్రెడిట్. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరంతా సాగే తరగతికి ఒక క్రెడిట్ ఇస్తారు. డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి కనుక నాలుగేళ్లలో ముగించాలంటే సెమిస్టరుకు సగటున 15 పడతాయి. 12కు తగ్గితే పూర్తికాలపు విద్యార్థిగా లెక్కించరు. అయితే ఈ కొలమానం ల్యాబుల విషయంలో కొంత మోసం చేస్తుంది: మూడు గంటల ల్యాబుకు తరచుగా దక్కేది ఒక్క క్రెడిటే కాబట్టి, రెండు ల్యాబులున్న 14 క్రెడిట్ల సెమిస్టరు, ల్యాబు లేని 16 క్రెడిట్ల సెమిస్టరు కన్నా బరువుగా ఉండవచ్చు.

ఏర్పాటంతటికీ వెన్నెముక కెమిస్ట్రీ. సాధారణంగా జనరల్ కెమిస్ట్రీ రెండు భాగాలూ పూర్తయితేగాని ఆర్గానిక్ కెమిస్ట్రీలో చేరనివ్వరు, ఆర్గానిక్ లేనిదే బయోకెమిస్ట్రీ దొరకదు. ఇలా ఒక కోర్సుకు ముందుగా పూర్తిచేసి ఉండవలసిన కోర్సును ప్రీరిక్విజిట్ అంటారు. మొదటి కెమిస్ట్రీ కోర్సుకు సైతం నిర్ణీత స్థాయి గణితం కావాలని చాలా కళాశాలలు పట్టుబడతాయి. చేరే ముందు పెట్టే గణిత పరీక్షలో ఆ స్థాయి అందుకోని విద్యార్థి ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టరులో ఆల్జీబ్రాతో సరిపెట్టుకుని కెమిస్ట్రీని జనవరికి వాయిదా వేస్తే, రెండవ భాగం మళ్లీ ఏడాదికి ఒక్కసారే చెప్పే చిన్న కళాశాలలో గొలుసంతా వెనక్కి జరుగుతుంది. వేసవి తరగతులే అప్పుడు దిక్కు. అందుకే కళాశాల తెరవకముందే జరిగే ఆ గణిత పరీక్షను తేలికగా తీసుకోకూడదు.

కెమిస్ట్రీ, గణితం, ఆంగ్ల రచన, సైకాలజీ కలిస్తే మొదటి సెమిస్టరు దాదాపు నిండిపోతుంది. బయాలజీని కూడా అప్పుడే మొదలుపెట్టాలా అన్నది విద్యార్థి సన్నద్ధతను బట్టి ఉంటుంది, కొన్ని చోట్ల దాన్ని విభాగమే నిర్ణయిస్తుంది. సైకాలజీ కేవలం ఖాళీ పూరించే కోర్సు కాదు. వైద్య ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 2015 నుంచి నాలుగింట ఒక విభాగం మనస్తత్వ, సామాజిక శాస్త్రాలకు కేటాయించారు. ఫిజిక్స్‌ను మూడో ఏడాదికి వదిలినా నష్టముండదు.

తొలి సెమిస్టరులో బరువు తగ్గించడానికి బలమైన కారణం జీపీఏ, అంటే 4 పాయింట్ల మీద లెక్కించే గ్రేడ్ల సగటు. మొదటి 15 క్రెడిట్లలో 2.7 వచ్చిన విద్యార్థి తరువాతి మూడు సెమిస్టర్లలో ఏకధాటిగా 3.8 తెచ్చుకున్నా రెండేళ్లు ముగిసేసరికి సగటు 3.53 దగ్గరే ఆగుతుంది. తప్పిన కోర్సును మళ్లీ చదివితే పాత గ్రేడును కళాశాల తీసివేయవచ్చు గాని, ఎండీ పట్టా ఇచ్చే వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తు సేవ ఆమ్కాస్ రెండు ప్రయత్నాలనూ లెక్కలోకి తీసుకుంటుంది.

పాఠశాలలోనే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాసి కెమిస్ట్రీ, బయాలజీ క్రెడిట్లు సంపాదించిన పిల్లల విషయంలో తల్లిదండ్రులు తొందరపడతారు, ఎందుకంటే ఒక సెమిస్టరు కలిసివస్తే ఫీజు కూడా కలిసివస్తుంది. కానీ కొన్ని వైద్య కళాశాలలు సైన్సు కోర్సులకు ఏపీ క్రెడిట్లను ఒప్పుకోవు, మరికొన్ని వాటి స్థానంలో అదే విషయంలో పైస్థాయి కోర్సు అడుగుతాయి. కనుక ఆర్గానిక్ కెమిస్ట్రీలోకి నేరుగా దూకే ముందు, దరఖాస్తు చేయదలచిన కళాశాలల నిబంధనలను సలహాదారుతో కలిసి చూసుకోవాలి. ఫిజికల్ థెరపీ, ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుల వైపు వెళ్లేవారి జాబితా కొంత వేరు, అందులో అనాటమీ-ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ తప్పనిసరిగా కనిపిస్తాయి, కొన్ని సంస్థలు ఏళ్ల కిందట చదివిన సైన్సు కోర్సులను చెల్లనివ్వవు.